సికింద్రాబాద్‌లో దొరికిన జవాబు: సర్ రోనాల్డ్ రాస్ జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మనమందరం చదివిన సైన్స్ పాఠంలో ఒక్క వాక్యంతో ముగిసిపోయిన ఒక మనిషి గురించి రాద్దామనుకున్నాను. మలేరియా దోమల వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ కనుగొన్నాడు. ఇదీ ఆ వాక్యం. పరీక్షలో దానికి ఒక మార్కు. ఆ ఒక్క మార్కు వెనుక మూడేళ్ల వెతుకులాట ఉందని, అందులో అతి ముఖ్యమైన ఘట్టం మన న్యాల్‌కల్ నుంచి బస్సెక్కితే మూడు గంటల్లో చేరే బేగంపేటలో జరిగిందని పాఠం చెప్పలేదు.

నేను డాక్టరును కాను, ఇంజనీరును. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆగిపోయిన యంత్రాల ముందు నిలబడి, ఎందుకు ఆగాయో వెతకడంలోనే గడిచింది. తప్పు ఎక్కడ లేదో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ పోతేనే చివరికి అది ఎక్కడుందో దొరుకుతుంది. రాస్ చేసిన పని అచ్చంగా ఇదే. సైన్స్ పద్ధతి అంటే ఏమిటని పిల్లలు అడిగితే, నిర్వచనం చెప్పడం కంటే ఈయన కథ చెప్పడం మేలని నాకు అనిపిస్తుంది.

ఇష్టం లేని చదువు

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గరి అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి బ్రిటిష్ సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపించారు. ఆ పిల్లవాడికి బొమ్మలు వేయడం, కవిత్వం రాయడం, సంగీతం, లెక్కలు ఇష్టం. వైద్యం మాత్రం ఇష్టం లేదు. కొడుకు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలన్నది తండ్రి పట్టుదల. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేర్పించారు. చదువు మీద మనసు పెట్టలేదు. ఒక పరీక్ష తప్పాడు, కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేశాడు, మళ్లీ రాసి గట్టెక్కాడు. 1881లో సైనిక వైద్యుడిగా భారతదేశానికి వచ్చాడు.

మొదటి ఏళ్లలో మద్రాసు, బెంగళూరు, బర్మా, అండమాన్ ప్రాంతాల్లో పనిచేశాడు. పని తక్కువ, తీరిక ఎక్కువ. నవలలు రాశాడు, గణితం సొంతంగా నేర్చుకున్నాడు. బెంగళూరులో ఉండగా ఒక చిన్న సంగతి గమనించాడు. తన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండేది. వెతికితే కిటికీ దగ్గర నీళ్ల తొట్టిలో పిల్లపురుగులు కనిపించాయి. తొట్టి బోర్లించగానే దోమలు తగ్గాయి. అప్పటికి దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని ఆయనకు తెలియదు. కానీ కారణం ఎక్కడుందో కళ్లతో చూసి, దాన్ని తీసేసి, ఫలితం వచ్చిందో లేదో చూడడమనే అలవాటు అప్పటికే ఉందన్నమాట.

చెడుగాలి నుంచి దోమ దాకా

మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల మీంచి వీచే గాలి వల్ల ఈ జ్వరం వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. ఆ నమ్మకం పూర్తిగా ఆధారం లేనిది కాదు. నీళ్లు నిలిచిన చోట జ్వరాలు ఎక్కువన్నది నిజమే. చూసింది నిజం, చెప్పుకున్న కారణం తప్పు. సైన్స్ చరిత్రలో ఇలాంటివి చాలా ఉన్నాయి.

1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. రాస్ ఈ మాట నమ్మలేదు. తానూ రోగుల రక్తం చూశాడు, ఏమీ కనిపించలేదు. అందుకని మలేరియా పేగుల్లోంచి వచ్చే జబ్బని వ్యాసాలు కూడా రాశాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనను కూర్చోబెట్టి సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపించాడు. ఎలా చూడాలో, దేని కోసం చూడాలో తెలిశాక కనిపించింది. రాస్ తన పాత వాదాన్ని వదిలేశాడు. అచ్చులో వచ్చిన సొంత మాటను వదులుకోవడం ఎవరికైనా కష్టమే. ఆయన మిగతా జీవితమంతా ఆ మలుపు మీదే నిలబడింది.

మాన్సన్ అంతకుముందు చైనాలో పనిచేస్తూ, బోదకాలు పురుగు దోమ శరీరంలో ఎదుగుతుందని 1877లో చూపినవాడు. మలేరియా విషయంలోనూ ఆయనకు ఒక ఊహ ఉంది. రోగి రక్తం శరీరం బయటికి వచ్చిన కొద్దిసేపటికి పరాన్నజీవిలోంచి సన్నని తోకల్లాంటివి బయటికి వచ్చి కదులుతాయి. శరీరం లోపల ఉండగా ఇలా జరగదు. కాబట్టి దాని బతుకులో తర్వాతి దశ మనిషి బయటే ఉండాలి. రక్తాన్ని బయటికి తీసేది దోమే కాబట్టి ఆ దశ దోమలోనే ఉండాలి. ఇంతవరకు తర్కం బాగుంది. ఆ తర్వాత మాన్సన్ ఇంకో అడుగు వేశాడు. దోమ నీళ్ల మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, ఆ నీళ్లు తాగినవారికి మలేరియా వస్తుంది అన్నాడు. ఇది తప్పు. తోకల గురించి ఆయన అనుకున్నదీ తప్పేనని, అవి మగ కణాలని 1897లో అమెరికాలో మెకాలమ్ తేల్చాడు. ఊహలో సగం తప్పు. అయినా అది చూపించిన దిక్కు మాత్రం సరైనది. ఎక్కడ వెతకాలో చెప్పింది కాబట్టే ఆ ఊహకు విలువ.

సికింద్రాబాద్‌లో రెండు మకాంలు

1895 వేసవిలో రాస్ సికింద్రాబాద్ కంటోన్మెంటుకు వచ్చాడు. మద్రాసు పదాతి దళం సిపాయిలకు వైద్యుడు. వచ్చిన వెంటనే పని మొదలుపెట్టాడు. దోమతెరలో పడుకోబెట్టిన రోగిని దోమలు కుట్టాలి. తర్వాత ఆ దోమలను పట్టుకుని, కొన్నాళ్లు బతకనిచ్చి, సూదులతో కోసి కడుపులో ఏముందో చూడాలి. దోమ కడుపులో పరాన్నజీవి తోకలు విప్పుకోవడం చూశాడు. అది ఆశ పెంచింది. ఆ తర్వాత అది ఏమవుతోందో మాత్రం అంతుపట్టలేదు.

నీళ్ల సిద్ధాంతాన్నీ పరీక్షించాడు. దోమలు చచ్చిన నీళ్లను డబ్బిచ్చి కొందరితో తాగించాడు. మొదట్లో ఒకరికి జ్వరం వచ్చింది. సిద్ధాంతం రుజువైనట్టే కనిపించింది. మళ్లీ మళ్లీ చేస్తే ఆ ఫలితం నిలవలేదు. ఒక్కసారి వచ్చిన అనుకూల ఫలితం ఎంత మోసం చేయగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. మనకు కావలసిన జవాబు మొదటిసారే వచ్చినప్పుడు ఇంకోసారి చేసి చూడడానికి ఎవరికీ చేతులు రావు. రాస్ చేసి చూశాడు.

ఇంతలో బెంగళూరులో కలరా పనికి బదిలీ అయింది. 1897లో ఊటీ ప్రాంతంలో మలేరియా మీద పరిశీలనకు వెళ్లి తానే ఆ జ్వరాన పడ్డాడు. ఆ ఏడాది జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరాడు. బేగంపేటలోని చిన్న సైనిక ఆసుపత్రిలో రెండో విడత పని మొదలైంది.

అప్పటికి వందల దోమలను కోసి చూశాడు. ఎందులోనూ ఏమీ లేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రయోగం విఫలమైనప్పుడు ఏది తప్పని చెప్పాలి? అసలు ఊహే తప్పు కావచ్చు. ఊహ సరైనదే అయినా దోమను కోసే విధానం తప్పు కావచ్చు. చూడవలసిన రోజు తప్పు కావచ్చు. లేదా దోమే తప్పు కావచ్చు. దొరకలేదు అన్న ఫలితం ఈ నాలుగింటిలో ఏది తప్పో దానంతట అది చెప్పదు. యంత్రం నడవనప్పుడు మోటారు పాడైందా, వైరు తెగిందా, మీటరే తప్పు చూపుతోందా అన్న ప్రశ్న లాంటిదే ఇది. అన్నీ ఒకేసారి మారిస్తే యంత్రం నడిచినా కారణం తెలియదు. ఒక్కొక్కటే మార్చాలి.

రాస్ అప్పటివరకు ఎక్కువగా చూసినవి రెండు రకాలు. ఒకటి బూడిదరంగు దోమ, రెండోది చారల దోమ. ఆయన కీటక శాస్త్రజ్ఞుడు కాడు, వాటి శాస్త్రీయ నామాలు తెలియవు. రంగును బట్టి, కూర్చునే తీరును బట్టి తానే పేర్లు పెట్టుకున్నాడు. ఈ రెండింటిలోనూ లేదని తేలింది కాబట్టి మూడో రకం కోసం వెతికించాడు. ఆగస్టు నడిమిలో ఆసుపత్రి సహాయకులు చుట్టుపక్కల నీటి గుంటల్లోంచి తెచ్చిన పిల్లపురుగుల నుంచి రెక్కల మీద చుక్కలున్న గోధుమరంగు దోమలు పుట్టాయి. మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నది వీటినే.

ఈ దోమలు సీసాలోనే పుట్టాయన్నది ముఖ్యమైన సంగతి. బయట పట్టుకున్న దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో తెలియదు. సీసాలో పుట్టినదానికి గతం లేదు. దాని కడుపులో ఏదైనా దొరికితే అది మనం తాగించిన రక్తం నుంచే వచ్చి ఉండాలి.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద ఈ దోమలను వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు డబ్బిచ్చారు. తర్వాతి రోజుల్లో కొన్ని దోమలు చచ్చిపోయాయి, కొన్నింటిని కోసి చూస్తే ఏమీ కనిపించలేదు. ఉక్కపోత విపరీతంగా ఉంది. పంకా ఊపిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఊపనివ్వలేదు. నుదుటి నుంచి, చేతుల నుంచి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆఖరి కంటికటకం కూడా పగిలి ఉంది.

1897 ఆగస్టు 20. మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాన్ని కోశాడు. కడుపు గోడ మొత్తం దాదాపు చూడడం అయిపోయాక, గుండ్రని ఒక కణం కనిపించింది. వెడల్పు సుమారు 12 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో ఆరో వంతు. అంతకుముందు చూసిన ఏ దోమ కడుపులోనూ అలాంటిది లేదు. దాని లోపల నల్లని రేణువులు ఉన్నాయి. మలేరియా పరాన్నజీవిలో ఉండే రంగు రేణువులు సరిగ్గా అలాగే ఉంటాయి.

మరునాడు ఆఖరి దోమను కోశాడు. అందులోనూ ఆ కణాలున్నాయి, నిన్నటికంటే పెద్దవిగా ఉన్నాయి. నా దృష్టిలో అసలు ఫలితం ఈ రెండో రోజుది. ఒకే వస్తువు ఒక రోజు తేడాతో పెరిగిందంటే అది మురికి కాదు, మచ్చ కాదు, బతికి ఎదుగుతున్న జీవి. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

మనుషుల నుంచి పిచ్చుకలకు

ఆ ఫలితం 1897 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. వ్యాసం పేరులోనే రెండు దోమల్లో కనిపించిన కణాలు అని చెప్పుకున్నాడు. మలేరియా రహస్యం తేలిపోయిందని అనలేదు. చూసింది ఎంతో అంతే చెప్పాడు.

పని ముందుకు సాగవలసిన సమయంలో రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా కేసులే అరుదు. మాన్సన్ లండన్ నుంచి ప్రయత్నించగా 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధనకు అవకాశం వచ్చింది. అప్పుడు ప్లేగు టీకాల భయం వల్ల సూది పట్టుకున్న డాక్టరును చూస్తేనే జనం పారిపోతున్నారు. రాస్ ప్రశ్నను మార్చకుండా ప్రయోగం చేసే జీవిని మార్చాడు. పక్షులకు కూడా మలేరియా లాంటి జబ్బు ఉంది. పిచ్చుకలు, భరత పక్షులు తీసుకున్నాడు. మనుషుల మలేరియాకు పనికిరాని బూడిదరంగు దోమే ఇక్కడ పనికొచ్చింది.

ఆయన చేసిన ఒక ప్రయోగాన్ని ప్రతి బడిలోనూ చెప్పాలి. రక్తంలో పరాన్నజీవులు ఎక్కువగా ఉన్న పిచ్చుక, కొద్దిగా ఉన్న పిచ్చుక, అసలు లేని పిచ్చుక. ఒక్కోదాని మీద కొన్ని దోమలను వదిలాడు. మొదటి దోమల్లో కణాలు చాలా ఉన్నాయి, రెండో వాటిలో తక్కువ ఉన్నాయి, మూడో వాటిలో ఒక్కటీ లేదు. కారణం ఎంతుంటే ఫలితం అంత. కారణం లేకపోతే ఫలితమూ లేదు.

1898 జూలైలో ఆ కణాలు పగిలి అందులోని సన్నని పోగులు దోమ లాలాజల గ్రంథిలోకి చేరడం చూశాడు. దోమ కుట్టేటప్పుడు ఆ గ్రంథి నుంచే లాలాజలం చర్మంలోకి వెళుతుంది. ఆ దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను కుట్టిస్తే వాటికి జబ్బు వచ్చింది. దారి పూర్తయింది. తాగే నీళ్లు కాదు, దోమ కాటు. గురువు చెప్పినదాంట్లో సగాన్ని శిష్యుడు రుజువు చేసి, మిగతా సగాన్ని కొట్టేశాడు. ఆ వార్తను అదే నెల ఎడిన్‌బరో వైద్య సభలో సంతోషంగా ప్రకటించింది ఆ గురువే.

పేరు, గొడవ, మరచిపోయినవారు

ఆ ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ, బిన్యామీ, బస్తియానెల్లీ కలిసి మనిషి మలేరియాకు అనాఫిలిస్ దోమే కారణమని పూర్తిగా చూపించారు. ముందెవరన్న గొడవ రాస్‌కు, గ్రాసీకి మధ్య రేగింది. రాస్ జీవితాంతం దాన్ని వదలలేదు. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే వచ్చింది. తర్వాత మాన్సన్‌తోనూ మాటలు చెడ్డాయి. సత్యం కోసం అంత ఓపిక పట్టిన మనిషి, పేరు దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక పోగొట్టుకున్నాడు. దీన్ని దాచిపెట్టి ఆయనను దేవుడిని చేయనవసరం లేదు. పద్ధతి గొప్పతనం ఇక్కడే ఉంది. చేసినవాడు కోపిష్టి అయినా, మంచివాడైనా, ఇంకొకరు అదే ప్రయోగం చేసి అదే ఫలితం చూడగలిగితే చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. దోమలకు చెయ్యి అప్పగించిన హుసేన్ ఖాన్, గుంటలు వెతికి పిల్లపురుగులు తెచ్చిన సహాయకులు, కలకత్తాలో పక్షుల, దోమల పని చూసుకున్న మహమ్మద్ బక్ష్ లేకపోతే ఈ కథ లేదు. రోగులకు అణాలిచ్చి దోమలతో కుట్టించడం, దోమల నీళ్లు తాగించడం ఈరోజు ఏ ఆసుపత్రిలోనూ అనుమతించరు, అనుమతించకూడదు కూడా. మనకు అందిన జ్ఞానంలో పేదవాళ్ల శరీరాల వాటా ఉందని గుర్తుంచుకోవాలి.

1899లో రాస్ భారతదేశం వదిలి లివర్‌పూల్‌లో కొత్తగా పెట్టిన ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరాడు. సియెర్రా లియోన్‌లోనూ, సూయజ్ కాలువ దగ్గరి ఇస్మాయిలియాలోనూ దోమల నివారణకు పనిచేశాడు. చిన్నప్పుడు ఇష్టపడిన లెక్కలు ఇక్కడ అక్కరకొచ్చాయి. మలేరియా పోవాలంటే ఆఖరి దోమ దాకా చంపనవసరం లేదని, ఒక హద్దు కిందికి తగ్గిస్తే జబ్బు దానంతటదే ఆరిపోతుందని సమీకరణాలతో చూపించాడు. కరోనా రోజుల్లో ఒక రోగి నుంచి ఎంతమందికి జబ్బు సోకుతుందన్న లెక్క టీవీల్లో రోజూ విన్నాం. ఆ లెక్కకు తాతల్లో ఈయన ఒకడు. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు.

మన హైదరాబాద్ ఆయనను మరవలేదు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. మన పెద్దలు కోరంటి దవాఖానా అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. మన చిన్నతనంలో ఇళ్ల గోడల మీద మందు కొట్టి, తేదీ రాసి వెళ్లిన మలేరియా సిబ్బంది కూడా ఆ ఆగస్టు 20 నుంచి వచ్చినవారే.

మన బడికి ఒక విన్నపం

ఈ జీవితం నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. లేదు అని నిజాయితీగా రాసుకున్న ఫలితం వృథా పోదు. బూడిదరంగు దోమలో లేదు, చారల దోమలో లేదు అని రాస్ రాసుకోకపోతే చుక్కల రెక్కల దోమ దాకా వెళ్లేవాడు కాదు. మన దేశంలో చాలా బడుల్లో సైన్స్ రికార్డు పుస్తకాలు దీనికి ఎదురుగా నడుస్తాయి. రావలసిన విలువ ముందే తెలుసు. దానికి సరిపోయే అంకెలు రాస్తేనే మార్కులు. వచ్చింది రాసిన పిల్లవాడికి మార్కు పోతుంది, రావలసింది రాసిన పిల్లవాడికి మార్కు వస్తుంది. ఇది సైన్స్‌కు నేర్పే మొదటి పాఠమైతే, ఆ పిల్లలు పెద్దయ్యాక ఏ యంత్రం ముందు, ఏ రోగి ముందు నిజం రాస్తారు?

గురువులకు నా విన్నపం ఏమిటంటే, రికార్డులో అనుకున్నది రాలేదు అని రాసి, ఎందుకు రాలేదో రెండు కారణాలు ఊహించిన పిల్లలకు పూర్తి మార్కులు ఇవ్వండి. సంఘం మిత్రులకు నా ప్రతిపాదన: ఈ స్వర్ణోత్సవం గుర్తుగా బడికి రెండు మంచి సూక్ష్మదర్శినులు ఇద్దాం. నా వంతు నేను ఇస్తాను. ఏటా ఆగస్టు 20న, వానాకాలం కాబట్టి, పిల్లలు బడి చుట్టూ నీళ్లు నిలిచిన చోట్లు, కుండలు, పాత టైర్లు వెతకాలి. ఏ నీటిలో పిల్లపురుగులు ఉన్నాయో, ఏ నీటిలో లేవో రెండు వరుసల్లో రాయాలి. ఆ తర్వాత నీళ్లు పారబోసి, వారం ఆగి, మళ్లీ వెళ్లి చూడాలి. లేవు అన్న వరుసను కూడా అంతే శ్రద్ధగా నింపాలి.